జపాను విదేశాంగ నీతి – మన తూర్పు తీరము

జపాను అనగానే ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్టు వీధులలో తిరుగాడు మనకు గడియారములు, కెమెరాలు, మోటారు వాహనములు స్ఫురించుట సహజము. మన పెద్దలు ఆ దేశమును మరొక దృష్టితో చూచినారు. 1922లో హైదరాబాదు సంస్థాన విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ జపానునకు వెళ్లి, అచ్చటి విద్యావిధానమును పరిశీలించి, మరుసటి సంవత్సరము ఒక గ్రంథము వెలువరించినారు. ఉర్దూ మాధ్యమముతో అప్పుడే నడక ఆరంభించిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు, స్వభాషలో ఆధునిక శాస్త్రములు నేర్చిన ఆసియా దేశము ఒక అండగా కనిపించినది.

ఇరువది సంవత్సరములు గడిచినవి. 1942 ఏప్రిల్ 6వ తేదీన ర్యూజో అను విమానవాహక నౌకకు చెందిన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. కొందరు మరణించినారు. భయముతో ఎందరో పట్టణము విడిచిపోయినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే కొంతకాలము గుంటూరునకు తరలవలసి వచ్చినది. బడులను తీర్చిదిద్దిన రాజ్యమే నౌకాదళమును కూడ తీర్చిదిద్దినదని గుర్తించినచో ఇందు ఆశ్చర్యము లేదు.

అట్టి దేశపు నౌకలు నేడు అదే విశాఖ తీరమునకు అతిథులుగా వచ్చుచున్నవి. ఈ మార్పు ఎట్లు సంభవించినదో మనము పరిశీలింపవలెను.

యుద్ధములో ఓడిన జపాను, 1947లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు తొమ్మిదవ అధికరణములో యుద్ధమును పరిత్యజించినది. 1954లో ఆత్మరక్షణ దళములను ఏర్పరచుకొన్నను, దేశరక్షణభారమును ప్రధానముగా అమెరికాతోడి సంధిపై ఉంచి, తాను వాణిజ్యముపై మనసు నిలిపినది. భారతదేశము 1951 నాటి శాన్ ఫ్రాన్సిస్కో సమావేశమునకు వెళ్లలేదు. విదేశీ సేనలు జపానులో నిలుచుట మన ప్రభుత్వమునకు సమ్మతము కాలేదు. 1952 జూన్ 9న ప్రత్యేకముగా సంధి చేసికొని, యుద్ధ నష్టపరిహారమును వదలుకొన్నది. బాంబులు పడిన పదేండ్లకే ఇట్లు చేయుట చిన్న విషయము కాదు.

స్నేహము ఉన్నను రక్షణరంగమున సాన్నిహిత్యము చాలకాలము ఏర్పడలేదు. 1998లో మన అణుపరీక్షల పిదప జపాను కొత్త ఆర్థిక సహాయమును నిలిపివేసినది కూడ. ఆ మరుసటి సంవత్సరమే అలొండ్రా రెయిన్‌బో అను జపానువారి సరకు ఓడను సముద్రపు దొంగలు అపహరింపగా, 1999 నవంబరులో మన తీరరక్షక దళము, నౌకాదళము వెంటాడి పట్టుకొన్నవి. జపాను దిగుమతి చేసికొను ముడిచమురులో అత్యధిక భాగము హిందూ మహాసముద్రము మీదుగా పోవును. ఆ మార్గమున కాపలా ఎవరిదన్న ప్రశ్నకు ఒక సమాధానము టోక్యోకు అప్పుడు దొరికినదని మా అభిప్రాయము. 2000 నుండి ఉభయ తీరరక్షక దళముల విన్యాసములు మొదలైనవి.

2007 ఆగస్టు 22న జపాను ప్రధాని షింజో అబే మన పార్లమెంటులో ప్రసంగించుచు, హిందూ, పసిఫిక్ మహాసముద్రముల సంగమమును గూర్చి చెప్పినారు. ఆ ప్రసంగపు శీర్షికను ఆయన దారా షికో పారశీక గ్రంథము 'మజ్మ ఉల్ బహ్రైన్' నుండి గ్రహించినారు. సూఫీ, వేదాంత భావములను కలుపబూనిన ఆ పుస్తకము నౌకాదళ నీతికి పేరు పెట్టునని దారా ఊహించి యుండడు! మరుసటి నెల బంగాళాఖాతమున జపాను సహా ఐదు దేశముల మలబార్ విన్యాసములు జరిగినవి. భారతదేశము అమెరికా కూటమిలో చేరుచున్నదని ఆక్షేపించుచు వామపక్షములు కలకత్తా, మద్రాసుల నుండి విశాఖకు జాతాలు నడిపినవి.

ఆ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. 2008లో రక్షణ సహకార ప్రకటన వెలువడినది. 2015లో జపాను మలబారునకు శాశ్వత భాగస్వామి యైనది. 2020లో ఒక దశ విన్యాసములు విశాఖ సమీపమున జరుగగా, 2024లో విశాఖయే వేదిక యైనది. 2022 డిసెంబరులో జపాను తన రక్షణ వ్యయమును జాతీయోత్పత్తిలో 2 శాతమునకు పెంచ నిశ్చయించినది. పూర్వము పాటించిన మేర 1 శాతము మాత్రమే.

అయినను దీనిని సైనిక కూటమి యనలేము. 2020 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందము ఇంధనము, ఆహారము, విడిభాగములు, రవాణా వంటి సహాయమునకే సంబంధించినది. ఒకరిపై దాడి జరిగినచో రెండవవారు యుద్ధమునకు దిగవలెనను నిబంధన అందులో లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వచ్చినప్పుడు జపాను రష్యాపై ఆంక్షలు విధించినది, భారతదేశము విధింపలేదు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఉభయ నౌకాదళములు బంగాళాఖాతమున కలిసి విన్యాసములు జరిపినవి.