బాబు మనోవర్తి గురించి

చిరంజీవి బుజ్జమ్మకు,

మీ నాన్న ఫోన్లో అంతా చెప్పాడు. పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడటం, నెలకు అయిదు వేలిస్తానని మీ ఆయన తలూపడం, రెండు నెలలు పంపి మానేయడం. మహిళా శిశు సంక్షేమ శాఖలో చేసినన్నాళ్లూ ఈ వరస చూస్తూనే ఉన్నాను. పెద్దమనుషుల కాగితం పట్టుకుని ఎవరూ వెళ్లి డబ్బు వసూలు చెయ్యలేరు. కోర్టు ఆర్డరుంటేనే వారెంటు పుడుతుంది. కాబట్టి మళ్లీ కూర్చుందాం అంటే వద్దని చెప్పు.

"అతన్ని దేబిరించడం నాకిష్టం లేదత్తా" అన్నావట. నీకు కావాలో వద్దో అది వేరే సంగతి. బాబుది బాబుకు రావాలి. భరణం పిటిషన్లో నీ పేరుతో పాటు వాడి పేరు కూడా పెట్టించి, వాడికెంతో విడిగా అడుగు. ఎందుకంటే రేపు అవతలి ప్లీడరు నువ్వే కాపురానికి రానన్నావనో, ఇంకేదో అనో నింద వేస్తాడు. అవన్నీ రుజువైనా దెబ్బ తగిలేది భార్య భరణానికే. మైనరు బిడ్డ భరణానికి వాటితో పని లేదు. నువ్వు ట్యూషన్లు చెప్పుకుని సంపాదిస్తున్నా తండ్రి బాధ్యత తీరిపోదు. విడాకుల కేసు వెయ్యకపోయినా ఇది వెయ్యొచ్చు.

ఇదివరకు ఈ భరణం కేసును సీఆర్‌పీసీ 125 అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో 144వ సెక్షను. గుమాస్తాలు ఇంకా 125 కేసనే అంటారు, కంగారు పడకు. అతను హైదరాబాదులో ఉన్నాడని నువ్వు అక్కడికి తిరగక్కర్లేదు. నువ్వుంటున్న చోటే, తెనాలిలోనే వెయ్యొచ్చు.

ప్లీడరు ఫీజు గురించి మీ నాన్న అప్పు చెయ్యబోతున్నాడని విన్నాను. ఆపు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. కోర్టు ఆవరణలోనే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థ గుంటూరులో. ఒక దరఖాస్తు రాసిస్తే చాలు. వెళ్లేముందు ఏదన్నా అడగాలంటే 15100కి ఫోన్ చెయ్యి. లీగల్ ఎయిడ్ ప్లీడర్లలో శ్రద్ధగా చేసేవాళ్లూ ఉంటారు, వాయిదాకు రాని వాళ్లూ ఉంటారు. రానివాడు తగిలితే మార్చమని రాతపూర్వకంగా అడుగు. మొహమాటపడితే నష్టం నీకే.

అతను చెయ్యి చేసుకున్న సంగతి దాచకు. దానికి గృహహింస చట్టం ఉంది. జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో రక్షణ అధికారి ఉంటారు, వాళ్లే నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపుతారు. ఆ చట్టంలో నాకు నచ్చిన సంగతొకటుంది. అతను కట్టకపోతే, జీతంలోంచి కొంత కోసి నేరుగా నీకే ఇమ్మని అతని కంపెనీని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ప్రైవేటు ఉద్యోగి విషయంలో దీనికి మించింది లేదు. రెండు కేసులూ వెయ్యొచ్చు కానీ, ఒకదాంట్లో వచ్చింది రెండోదాంట్లో చెప్పి తీరాలి. దాచితే మాట పోతుంది.

ఇక అఫిడవిట్. 2020లో రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక నమూనా ఇచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఆస్తులూ అప్పులూ ఆదాయమూ ప్రమాణం మీద రాసివ్వాలి. భరణం కూడా దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్కగట్టాలంది. ఇంట్లో ఉన్న అతని పాత పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు కాగితాలు ఏవున్నా ఫోటో తీసి పెట్టుకో. నీ ట్యూషన్ డబ్బు కూడా నిజంగా ఎంతో అంతే రాయి. బాబు ఖర్చు మాత్రం వివరంగా రాయాలి. స్కూలు ఫీజు, ఆటో, ఉబ్బసం మందులు, నెబ్యులైజరు, పాలు, ఇంటద్దెలో వాడి వాటా. "సుమారు పదివేలు" అని గుండుగుత్తగా రాస్తే జడ్జి సగానికి కోస్తారు.

పిటిషనుతో పాటే మధ్యంతర భరణం అడగడం మరిచిపోకు. నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలని చట్టం. ఆ "వీలైనంతవరకు" అన్నమాటలోనే నెలలు గడిచిపోతాయి, అది వేరే సంగతి. నోటీసు తప్పించుకోవడమే అతని మొదటి ఎత్తు అవుతుంది. ఇంటి అడ్రసుతో పాటు ఆఫీసు అడ్రసు కూడా ఇవ్వు.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఆర్డరు వచ్చాక సంగతి. ఆర్డరు రాగానే స్వీట్లు పంచి, తర్వాత కోర్టు మొహం చూడని ఆడపిల్లలు ఎంతమందో! కట్టని నెల బాకీ దానంతటది రాదు. వసూలు పిటిషను వెయ్యాలి. అప్పుడు కోర్టు జరిమానా రాబట్టినట్టు వారెంటు ఇస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వెయ్యొచ్చు. జైలుకెళ్లొస్తే బాకీ రద్దయిందనుకునే మగాళ్లున్నారు. కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. అయితే గడువుంది. డబ్బు కట్టాల్సిన తేదీ నుంచి ఏడాది లోపు పిటిషను వెయ్యకపోతే ఆ నెలకు ఈ సెక్షను కింద వారెంటు ఇవ్వరు. "ఇంకో నెల చూద్దాం, పండక్కి ఇస్తానన్నాడు" అనుకుంటూ పోతే ఏడాది ఎప్పుడు దాటిందో తెలియదు. మూడు నెలల డబ్బు ఆగితే చాలు, వసూలు పిటిషను వెయ్యి. మళ్లీ ఆగితే మళ్లీ వెయ్యి. సిగ్గేమీ లేదు.

డబ్బు చేతికి తీసుకోకు. బ్యాంకులో వెయ్యమను. పాస్‌బుక్కే నీ సాక్షి. పుట్టినరోజుకి సైకిలు కొనిచ్చినా, బట్టలు తెచ్చినా బాబును తీసుకోనివ్వు, కానీ భరణం ముట్టిందని ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. బాబును చూడటానికి వస్తే చూడనివ్వు. డబ్బివ్వలేదు కాబట్టి చూపించనంటే కోర్టులో నీకే చెడ్డపేరు.

లోక్ అదాలత్‌లో రాజీకి పిలుస్తారు. వెళ్లు. అక్కడ ఇచ్చిన అవార్డును కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. ఒకేసారి ఇంత ఇస్తాను, ఇక అడగొద్దంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యకుండా సంతకం పెట్టకు. బాబుకింకా ఆరేళ్లే.

బాబు స్కూల్లో ఆయాగా చేసే నూర్జహాన్‌కు కూడా చెప్పు. తలాక్ అయిన ముస్లిం స్త్రీ కూడా 125 కింద అడగవచ్చని, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

బాబు బర్త్ సర్టిఫికెట్లో పేరు ఎక్కించలేదని మీ నాన్న అన్నాడు. ముందు మునిసిపాలిటీకి వెళ్లి ఆ పని చూడు. తండ్రి పేరు, అక్షరాలు ఆధార్‌తో సరిపోయాయో లేదో కౌంటరు దగ్గరే చదివి చూసుకో. పెళ్లికి రుజువుగా ఫోటోలు, శుభలేఖ ఒకటి నా బీరువాలో ఉన్నాయి. ఆదివారం మీ తమ్ముణ్ణి పంపు, ఇచ్చి పంపిస్తాను.

మీ అత్త