అందాల పోటీకి ఒంగోలు గిత్త

ప్రశ్న: మా రెండు పళ్ల ఒంగోలు గిత్తను సంక్రాంతి అందాల పోటీకి తీసుకెళ్లాలని ఉంది. ఎలా తయారుచేయాలి?
– ఒక రైతు, ఉంగుటూరు

జవాబు: స్నానం సంగతి తర్వాత, ముందు నడక నేర్పండి. బెదిరే గిత్త ఎంత మెరిసినా బరిలో వెనకబడుతుంది. నెల ముందు నుంచే రోజూ పగ్గం పట్టి నడిపించండి. ఆగినప్పుడు నాలుగు కాళ్లూ సమంగా మోపి, తలెత్తి నిలబడటం అలవాటు చేయండి. మైకు హోరు, కొత్త మనుషులు కూడా అలవాటు కావాలి.

ఈ జాతికి అందం తెల్లని మేను, నల్లని మూతి, నిండు మూపురం, మడతలు పడే గంగడోలు, నల్లని తోక కుచ్చు. బ్రెజిల్‌లో పేరు మోసిన నెలోర్ జాతికి మూలం మన ఒంగోలు పశువులే. అలాంటి జాతికి రంగు పూయడం నాకు ససేమిరా నచ్చదు. కుంకుడు రసంతో కడిగి, ఆరాక మెత్తని బ్రష్షుతో వెంట్రుకల వాలుగా దువ్వండి. ఒంటికి నూనె రాస్తే దుమ్ము పట్టి తెలుపు మాసిపోతుంది.

కొమ్ములను గాజుపెంకుతో చెక్కకండి. లోపల ఎముక, రక్తనాళాలు ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, రవ్వంత నువ్వులనూనె అద్దితే చాలు.

మీ డెల్టా తడి నేలలో గిట్టలు త్వరగా మెత్తబడతాయి. కొట్టం పొడిగా ఉంచండి. గిట్టలు చెక్కించాలంటే రెండు మూడు వారాల ముందే చేయించండి. ముందురోజు చెక్కిస్తే కుంటవచ్చు.

గాలికుంటు టీకా కూడా కనీసం మూడు వారాల ముందే వేయించండి. పోటీ రోజున ఇంటి నీళ్లే వెంట తీసుకెళ్లండి. కొన్ని పశువులు కొత్త నీళ్లు ముట్టవు.