టేపు వాళ్ల చేతికివ్వండి

నక్కపల్లి మండలంలో సచివాలయ ఇంజినీరింగ్ అసిస్టెంటుగానో, వ్యవసాయ సహాయకులుగానో కొత్తగా చేరారా? మొదటి నెలలోనే ఇంకుడు గుంతలు తవ్వించే పని పెట్టుకోకండి. ఒక కొలత టేపు, ఒక నోటుబుక్కు కొనండి.

ఇక్కడ నీళ్లు కావాలనేవాళ్లు పెరుగుతున్నారు. 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన బల్క్ డ్రగ్ పార్కుకే దాదాపు 2,000 ఎకరాలు. ఉక్కు కర్మాగారం ప్రతిపాదనా ఉంది. ఆ పక్కనే జీడి, సరుగుడు, కొబ్బరి తోటలు, వాన మీద ఆధారపడ్డ మెట్ట. ఎవరి అవసరం వాళ్లకు తెలుసు గానీ, అందరి కింద ఉన్న నీటి లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఆ లెక్క లేకుండా సమావేశం పెడితే తగాదాతో ముగుస్తుంది.

దీనికి దారి మన రైతులే చూపించారు. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం అనంతపురం, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ వంటి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది, నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ ముందుండి నడిపించింది. వాననూ బోర్లలో నీటిమట్టాన్నీ రైతులే, ఆడవాళ్లతో సహా, కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు: నేలలో ఎంత ఉంది, వేద్దామనుకున్న పంటలకు ఎంత కావాలి. వరి మానమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. తాము కొలిచిన అంకె గోడ మీద కనబడ్డాక చాలామంది తమంతట తామే ఆరుతడి పంటలకు మళ్లారు. మనం నేర్చుకోవాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

కాబట్టి ఊళ్లో వాడకంలో లేని నేలబావి ఒకటి చూసుకోండి. అక్కడి పెద్దాయన్ని అడగండి: “తాతా, మీ చిన్నప్పుడు వేసవిలో నీళ్లు ఎన్నో వర దాకా ఉండేవి?” ఆయన వేలు పెట్టి చూపించిన వరే మీ మొదటి రికార్డు. ఆపైన పదిహేను రోజులకోసారి, పొద్దున్నే, చుట్టుపక్కల మోటార్లు వేయకముందు కొలవాలి. టేపు మీరు పట్టుకోవద్దు, ఊరివాళ్లను పట్టుకోనివ్వండి. వానమాపకం కూడా ఒకటి పెట్టించండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఈ ఒక్క లెక్క బడిపిల్లలకు నేర్పితే చాలు, ఇంటికెళ్లి నాన్నకు చెబుతారు.

తీరం వైపు ఇంకొంచెం జాగ్రత్త అవసరం. ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన ఒక అడుగు తగ్గితే కింద ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి రాగలదని భూగర్భ శాస్త్రం లెక్క. అందుకే అక్కడ లోతుతోపాటు నెలకోసారి ఉప్పదనం కూడా పరీక్ష చేయించాలి. ఈ కొలతల మీద సమావేశం పడవలు ఒడ్డుకు చేరాక పెట్టండి. షిఫ్టులకు వెళ్లేవాళ్లనూ కౌలు రైతులనూ మరచిపోకండి, నీళ్లు వాడేది వాళ్లే.

పరిశ్రమ ప్రతినిధిని పిలిస్తే ఉపన్యాసం అడగొద్దు, మూడు అంకెలు అడగండి: రోజుకు ఎంత తీసుకుంటున్నారు, ఎక్కణ్ణుంచి, వాడాక ఎంత ఎక్కడికి వదులుతున్నారు. రాజయ్యపేట వైపు మత్స్యకారులు ముందు కాలుష్యం గురించే అడుగుతారు. ఆ మాట పక్కన పెట్టేస్తే నీటి మాట ఎవరూ వినరు.

గుంతలు ఆ తర్వాత. రోడ్డు మురుగు, రసాయనాల వాసన ఉన్న కాలువ నీళ్లు మాత్రం బోరు పక్క గుంతలోకి మళ్లించకండి. డాబా నీళ్లైనా సరే, తొలకరి జల్లుకు కొట్టుకొచ్చే దుమ్మును బయటికి వదిలేయాలి. చెరువు పూడిక తీయించేటప్పుడు మదుము, కలుజు ముందు చూసుకోండి. అవి పాడై ఉంటే ఎంత మట్టి తీసినా నీళ్లు నిలవవు.

నోటుబుక్కు మీ బీరువాలో పెట్టుకోకండి. బదిలీ ఉత్తర్వు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అది టేపు పట్టుకున్నవాళ్ల ఇంట్లోనే ఉండాలి, నకలు ఒకటి మీ దగ్గర ఉంటే చాలు.