అనుమతి స్వామిది, ఆరంభము మనది

“అంతయు భగవత్సంకల్పము, మన చేతిలో నేమున్నది?” అను మాట మన యిండ్లలో నిత్యము వినబడునదే. పంట పోయినప్పుడు, అయినవారు దూరమైనప్పుడు ఈ మాట గుండెకు ఊఱట నిచ్చును. అట్టి వేళ దానిని శంకింపరాదు. కాని చేబదులు తీసికొన్న సొమ్మును ఎగవేసినవాడును ఈ మాటనే పలుకుచున్నాడు. “ఆయనయే నా చేత అట్లు చేయించినాడు” అనుచున్నాడు. ఈ రెండును ఒక్కటేనా?

బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయము మూడవ పాదమున ఈ విచారణ కలదు. జీవుడు కర్తయే యని అచట ముందుగా నిర్ణయింపబడినది. కానిచో ‘ఇది చేయుము, అది మానుము’ అను శాస్త్రమునకు అర్థమే లేదు. రాతిని ఎవరును శాసింపరు గదా! పిదప, ఆ కర్తృత్వము పరమాత్మ వలననే కలుగుచున్నదని చెప్పబడినది. చిక్కు ఇచటనే యున్నది. ఆయన వలన కలిగినచో దోషము మనకేల?

భగవద్రామానుజులు శ్రీభాష్యమున ఇట్లు సమాధానమిచ్చిరి. అంతర్యామియైన స్వామి, జీవుడు చేయు ప్రయత్నమును అపేక్షించి, దానికి అనుమతి నొసగి, కార్యమును జరిపించును. ఇందులకు వారు చూపిన దృష్టాంతము సంసారులకు సుపరిచితమైనది. ఇరువురికి ఉమ్మడియైన ధనము కలదు. అందొకడు దానిని మూడవవానికి ఈయ దలచినచో, రెండవవాని అనుమతి లేక ఈయజాలడు. అయినను అనుమతి పొంది ఇచ్చినవాడు తానే గనుక, ఆ పని ఫలము తనదే యగును. గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్మకు అయిదు హేతువులు చెప్పబడినవి. అందు చివరిదియైన దైవమునకు పరమాత్మ యనియే రామానుజులు అర్థము చెప్పిరి. కర్తయైన జీవుడును ఆ అయిదింటిలో నొకడే. మనము మాత్రము తప్పు చేసినప్పుడు నాలుగింటిని విడిచి అయిదవదానినే పట్టుకొందుము!

మాన్పగలిగియు మాన్పనివాడు దయాళు వెట్లగునని కొందఱు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. ప్రతి దుష్ప్రయత్నమును అడ్డగించువాడే స్వామియైనచో, మన సత్ప్రయత్నము మనది కాజాలదు. అది కట్టుగొయ్యకు కట్టిన పశువు సాధుత్వము వంటిదగును. శాస్త్రము నొసగి, మంచిచెడ్డలను ముందే తెలిపి, ఆయన వేచియుండును. గీతోపదేశము ముగియవచ్చిన వేళ సహితము శ్రీకృష్ణుడు అర్జునునితో, చక్కగా విమర్శించి నీకు తోచినట్లు చేయుమనియే పలికెను. సర్వేశ్వరుడు ఇట్లనుట సామాన్యమా? ఆయన ఊరకుండుటయు లేదు. తన యెడ దృఢముగా అనుకూలుడై నిలచినవానికి, సత్కర్మములయందు రుచిని తానే కలిగించునని రామానుజులు చెప్పిరి. మొదటి అడుగు మనది. పిదప కలుగు వేగము ఆయన కృప.

ఇక సంకల్పమును గూర్చి. హుండీలో ఇరువురు నూఱేసి రూపాయలు వేసిరనుకొందము. లెక్కలో రెండును సమానమే. గీత పదునేడవ అధ్యాయమున, ఈయవలసినదని ఇచ్చినది సాత్త్వికము, ప్రతిఫలము గోరియో మనసు నొచ్చుచునో ఇచ్చినది రాజసము అని విభాగము చేయబడినది. అంతమాత్రమున, బిడ్డ జ్వరము తగ్గవలెనని ముడుపు గట్టిన తల్లిని తక్కువ చేయరాదు. ఆర్తుని, అర్థార్థిని గూడ భగవానుడు సుకృతులలోనే చేర్చినాడు. మనసులో నున్నదానిని స్వామికి దాచక చెప్పుకొన్నది ఆ తల్లి. తోటివారు చూడవలెనని నోటును మడత విప్పి వేయువాని మాట వేఱు.

శ్రీవైష్ణవ గృహములలో ఆరాధనకు ముందు సాత్త్వికత్యాగము చెప్పుకొను ఆచారము కలదు. ఈ కర్మకు కర్తను నేను కాను, ఇది నాది కాదు, దీని ఫలము నాకు వలదు. స్వామియే తన ప్రీతికై నా చేత చేయించుకొనుచున్నాడు, అని దాని భావము. (తొందరలో దీనిని మ్రింగివేయువారును లేకపోలేదు.) “మఱి ఎగవేసినవాడును ఇదే చెప్పెను గదా” యని పాఠకులు అనవచ్చును. అతడు ఫలమును విడువలేదు, సొమ్ము అతని పెట్టెలోనే యున్నది. కర్తృత్వమును మాత్రము విడిచినాడు. సొమ్ము ఎగవేయుటకు ముందు చేతులు జోడించి, “స్వామీ, నీ ప్రీతికై ఈ పనిని నా చేత చేయించుచున్నావు” అని అతడు అనగలడా? ఆరాధకుడు ఆ మాటను కర్మకు ముందును చెప్పును, ముగిసిన పిదపను చెప్పును. అతడు పిదప మాత్రమే చెప్పుచున్నాడు.