నిలిచియున్న కారు, నీరసించు బ్యాటరీ

గత వేసవి సెలవులలో మా కళాశాల కారు షెడ్డులోనే యుండెను. జూన్‌లో ప్రశ్నపత్రములు తేవలసిన ఉదయమున తాళము త్రిప్పగా 'టిక్కు' మను శబ్దము తప్ప మరేమియు వినరాలేదు.

కదలని కారులో బ్యాటరీ విశ్రమించునని తలచుట పొరపాటు. గడియారము, అలారము వంటివి 50 మిల్లీ ఆంపియర్లు తీసికొన్నచో 30 దినములలో 36 ఆంపియర్-గంటలు ఖర్చగును. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇక మిగులునదెంత? పైగా, చార్జి తగ్గిన బ్యాటరీని అటులనే విడిచినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికములుగా మారును. పిమ్మట ఎంత చార్జి చేసినను పూర్తిగా కరగదు. మన ఎండలు ఈ క్షయమును త్వరపెట్టును.

రోజూ అయిదు నిమిషములు ఇంజను నడిపిన చాలునని కొందరందురు. మేము ఏకీభవింపము. స్టార్టరు వాడుకొన్నది తిరిగి చేరునేమో కాని, పాత లోటు పూడదు. వారమునకొకసారి అరగంటయైనను రోడ్డుపై నడుపుట మేలు.

నెలల తరబడి నిలుపవలసినచో ఋణధ్రువపు తీగను విప్పియుంచవలెను. విప్పునపుడు అది మొదటిది, బిగించునపుడు చివరిది. లేనిచో స్పానరు కారు ఇనుమునకు తగిలి నిప్పురవ్వలెగయును. తీగ విప్పినను బ్యాటరీ తనంతట తాను కొంత తరుగుచునే యుండును. కావున నెలకొకసారి వోల్టేజి చూడవలెను: 12.6 యున్న నిండుగానున్నట్లు, 12.4కు దిగిన చార్జి చేయవలసినట్లు. అపుడు హైడ్రోజను వెలువడును గనుక గాలి ఆడుచోట నుంచవలెను. దాపున బీడీ ముట్టింపరాదు.