కుప్ర ద్వీపమున పెండ్లి: బయలుదేరక మునుపు చూడవలసిన లెక్క

పాఠ్య భాగములు: అపొ. కార్య. 13:1–12; 14:26–27; లూకా 14:28–30; యోహాను 2:1–11



దూరమునుండి వచ్చి పెండ్లి చేసికొనుట తిరుపతి వాసులమైన మనకు క్రొత్త సంగతి కాదు. ముహూర్త దినములలో తిరుమల కొండమీది కల్యాణ వేదికకు ఎన్నో ఊళ్ల వధూవరులు వచ్చుట చూచుచునే యున్నాము. ఇప్పుడు మన బిడ్డలు సముద్రములు దాటి పెండ్లాడవలెనని కోరుచున్నారు. 2023 నవంబరు 1న సినీనటులు వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠీల వివాహము ఇటలీలోని టస్కనీలో జరిగిన సంగతి పత్రికలలో చదివితిమి. ఆ కోరిక మన ఇండ్లకును వచ్చినది.

గత మాసము ఆరాధన ముగిసిన పిమ్మట ఒక తల్లి యిట్లడిగెను: "అయ్యగారూ, మా అబ్బాయి లండనులో పని చేయుచున్నాడు. సైప్రసు దీవిలో సముద్రపుటొడ్డున పెండ్లి చేసికొందునని పట్టుబట్టినాడు. పలమనేరు దగ్గర పల్లెలో మా అత్తగారున్నది. మనుమని పెండ్లి చూడవలెనని కండ్లలో ప్రాణము పెట్టుకొని యున్నది. ఆమెకు పాస్‌పోర్టు లేదు, నాలుగు మెట్లెక్కలేదు. మేమేమి చేయవలెను?"

సైప్రసు అనగా మన బైబిలులోని కుప్రయే. కనుక ఆ ద్వీపమునుండియే ఈ పాఠమును నేర్చుకొందము.

1. సంఘము పంపిన ప్రయాణము

కుప్ర బర్నబా జన్మస్థలము (4:36). అయినను అతడు తన యిష్టము చొప్పున అక్కడికి పోలేదు. అంతియొకయ సంఘము ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి అతనిని, సౌలును పంపెను. వారు సలమిలో దిగి, ద్వీపమంతయు సంచరించి పాఫు చేరిరి. ఆ యాత్ర ముగిసినప్పుడు తిరిగి అదే సంఘమును సమకూర్చి జరిగినదంతయు వివరించిరి. దూరము తప్పు కాదు. ఇంటివారి దీవెన లేకుండ బయలుదేరుటయే లోటు. మన సంఘములలో మూడు ఆదివారములు వివాహ ప్రకటన చదువుటయు ఇందుకొరకే గదా! ఈ పెండ్లి మా అందరిదని సంఘము ఒప్పుకొనుట అది.

2. కూర్చుండి లెక్క చూచుట

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కించవలెనని ప్రభువు చెప్పెను. ఈ లెక్కలో డబ్బు ఒక భాగము మాత్రమే.

మొదట చట్టము. మన దేశములో క్రైస్తవ వివాహములకు 1872 నాటి చట్టమున్నది. అది ఈ దేశమునకే వర్తించును. కావున ఇక్కడి పాస్టరుగారు వెంట వచ్చి దీవి ఒడ్డున ప్రార్థన చేసినంత మాత్రమున అది చట్టబద్ధమైన వివాహము కాదు. 1969 నాటి విదేశ వివాహ చట్టము క్రింద, విదేశములోని మన దేశపు వివాహాధికారి యెదుట పెండ్లి చేసికొనవచ్చును. కాని వధూవరులలో ఒకరైనను నోటీసు ఇచ్చుటకు ముందు 30 దినములు అక్కడ నివసించి యుండవలెను; ఆక్షేపణలకు మరి 30 దినములు గడువు; ముగ్గురు సాక్షులుండవలెను. వారము దినముల సెలవు ఇందుకు చాలదు. ఆ దేశపు పురపాలక సంఘములో పౌర వివాహము చేసికొనినచో, జన్మ పత్రము, అవివాహిత ధృవీకరణ ముందుగా సిద్ధపరచుకొనవలెను. వివాహ పత్రముపై అపొస్టీల్ అను ముద్ర వేయించుకొనవలెను.

మరియొక సంగతి. 1974 నుండి ఆ ద్వీపము రెండుగా విభజింపబడి యున్నది. పాఫు దక్షిణ భాగములోను, సలమి శిథిలములు ఉత్తర భాగములోను ఉన్నవి. ఉత్తర భాగపు ప్రభుత్వమును టర్కీ తప్ప ఏ దేశమును గుర్తింపలేదు. చవుకగా దొరికినదని స్థలము నిశ్చయించుకొనక మునుపు దీనిని విచారింపుడి.

పిమ్మట డబ్బు. ఒక్కొక్క అతిథికి పాస్‌పోర్టు, వీసా, విమానపు టిక్కెట్టు, బస. ఈ మొత్తమునకు అప్పు చేసినచో, క్రొత్త దంపతులు మొదటి సంవత్సరమంతయు ఒక దినపు పండుగకు వడ్డీ కట్టుచుందురు.

3. కానాలో దగ్గరనున్నవారు

కానా పెండ్లిలో ద్రాక్షారసము అయిపోయెను. పెండ్లికుమారునికంటె ముందుగా దానిని గమనించినది ప్రభువు తల్లి. నీళ్లు మోసినది పరిచారకులు. విందు ప్రధానికైనను ఆ సంగతి తెలియకుండ ఆ యింటి పరువు నిలిచెను. పెండ్లికి కావలసినది చూచువారి సంఖ్య కాదు. లోటు కనిపెట్టి, మాట దాచి, చేయి వేయువారు కావలెను. అట్టివారు మనకు ఎక్కువగా పలమనేరు పల్లెలలోనే యుందురు. పాస్‌పోర్టు లేనివారిలోనే యుందురు.

ఆ తల్లికి నేనిచ్చిన సలహా యిది. అతిథుల పట్టీ వ్రాయునప్పుడు రాగలవారి పేర్లు కాక, రాలేనివారి పేర్లు మొదట వ్రాయుడి. మొదటి పేరు అవ్వది. ఆ కాగితమును కుమారునికి పంపుడి, కోపపడవద్దు. ఇక్కడ సంఘ మందిరములో, అవ్వ మొదటి వరుసలో కూర్చుండగా వివాహము జరిపి, తరువాత దంపతులిద్దరు బర్నబా నడచిన పాఫును చూచి రావచ్చును. అప్పుడు వారు పంపబడినవారై వెళ్లుదురు.

నిర్ణయము ఆ యింటివారిదే. కుమారుడు ఇంకను జవాబు వ్రాయలేదట. వారికొరకు ప్రార్థింపుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటి పెండ్లికి రాలేనివారెవరు? వారికొరకు ఏమి చేసితిమి?
2. మన లెక్కలో అప్పు ఎంత? దానిని తీర్చునదెవరు?
3. బిడ్డల కోరికను త్రోసివేయక, పెద్దలను విడువక మాటలాడుట ఎట్లు?