కావాలని చేసిన ఫౌల్: రెఫరీ దాన్ని ఎలా తేలుస్తాడు?

చాంద్రాయణగుట్ట వైపు ఆటంటే ముందు గుర్తొచ్చేది బార్కాస్ ఫుట్‌బాలే. బాస్కెట్‌బాల్ పిల్లలకు సిమెంటు కోర్టు దొరికితే అదే పండగ. ఆ నేల మీద ఒకడు పడగానే నలువైపుల నుంచీ ఒకటే కేక: "కావాలనే కొట్టిండు సార్!"

కొట్టినవాడి మనసులో ఏముందో రెఫరీకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల్లో 37వ అధికరణం చేసిన పనిని మాత్రమే చూడమంటుంది. పాతవాళ్లు ఇంటెన్షనల్ అనే ఆ ఫౌల్ ఇప్పుడు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్.

మొదట చూపు. అందరి కళ్లూ బంతి మీదుంటే రెఫరీ కళ్లు డిఫెండర్ మీద, ఇద్దరి మధ్య ఖాళీ కనబడే కోణంలో ఉండాలి. వీపు వెనక నిలబడితే చెయ్యి బంతికి తగిలిందో, మోచేతికి తగిలిందో ఎవరూ చెప్పలేరు.

తర్వాత ప్రశ్న: చెయ్యి బంతి కోసమే వెళ్లిందా? జెర్సీ పట్టి లాగినా, నడుము చుట్టేసినా బంతితో సంబంధం లేనట్టే.

బంతి కోసమే వెళ్లినా పని అయిపోలేదు. దెబ్బ మితిమీరితే అదీ అన్‌స్పోర్ట్స్‌మన్‌లైకే. లేఅప్‌కు గాల్లోకి లేచిన పిల్లవాడి భుజాన్ని బలంగా తోస్తే, వాడు సిమెంటు మీద మోకాలో మణికట్టో ఆన్చి పడతాడు. "బంతికే పోయిన సార్" అన్న మాటను ఇక్కడ అస్సలు ఒప్పుకోకూడదంటాను.

ఫాస్ట్ బ్రేక్ లెక్క వేరు. దాడిని ఆపడానికే అనవసరంగా తగిలితే చాలు, గట్టిగా తగలక్కర్లేదు. ముందు బాస్కెట్ దాకా ఎవరూ లేని ఆటగాణ్ని వెనక నుంచో పక్క నుంచో అక్రమంగా తాకినా అంతే. అయితే ఈ రెండూ అతను షాట్ మొదలుపెట్టేదాకే వర్తిస్తాయి. ఆ తర్వాత మిగిలేవి పైన చెప్పిన రెండు కొలతలే: చెయ్యి బంతి కోసమే వెళ్లిందా, దెబ్బ మితిమీరిందా.

ఎక్కువ గొడవ ఆఖరి నిమిషంలో. వెనకబడ్డ జట్టు గడియారం ఆపడానికి కావాలనే ఫౌల్ చేస్తుంది. బంతిని అందుకోబోయి ముంజేతిని తాకితే అది మామూలు ఫౌలే. కావాలని చేశాడన్నది ఒక్కటే నేరం కాదు. బంతిని వదిలి మనిషిని వాటేసుకుంటే మాత్రం అది మామూలు ఫౌల్ కాదు.

తేల్చుకున్నాక విజిల్, పిడికిలి పైకి, ఆపై తలమీదుగా ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకునే సైగ. షాట్ వేయని ఆటగాడికైతే రెండు ఫ్రీ త్రోలు, ఆపైన బంతి కూడా ఆ జట్టుకే. ఒకే ఆటగాడికి ఇలాంటివి రెండు పడితే ఆట నుంచి బహిష్కరణే. అందుకే మొదటి క్వార్టర్‌లో మామూలుగా వదిలేసిన దెబ్బకు నాలుగో క్వార్టర్‌లో మణికట్టు పట్టుకుంటే ఆ పిల్లవాడికి అన్యాయం చేసినట్టే.